టైర్లు కడుక్కుని రా, దొరా

జోసెస్ బూటు అడుగున చిటికెడు మట్టి దొరికింది. క్రెయిగ్ దొరకి ఇక పండగే.

అరటితోట మేనేజరు క్రెయిగ్, వనువాటు దీవుల నుంచి వచ్చిన కూలీలందరినీ పేకింగ్ షెడ్డు ముందు వానలో నిలబెట్టాడు. ఆ బూటును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, చచ్చిన ఎలుకను చూపించినట్టు తిప్పి తిప్పి చూపించాడు. జోసెస్ ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"చూడండి! ఈ మట్టిలో పనామా తెగులుంటే ఏం గతి? తోట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఏళ్లకేళ్లు ఈ లోయలో అరటి మొక్క బతకదు. మీ దీవుల్లో మీరెలా ఏడ్చినా నాకనవసరం. ఇక్కడ మాత్రం శుభ్రం కావాలి, శుభ్రం!"

గేటు దగ్గర నేల మీద పసుపు గీత. బయట మురికి వైపు, లోపల శుభ్రం వైపు. గీత దాటే ప్రతి బూటూ మందునీళ్ల తొట్టిలో మునగాలి, ప్రతి టైరూ కడగాలి. ఆ పొద్దున లారీ మీంచి పెట్టెలు జారిపోతున్నాయని ఎవరో కేక వేస్తే జోసెస్ తొట్టి పక్కనుంచి పరిగెత్తాడు. పెట్టెలు నిలిచాయి, వాడి కొలువు పోయింది.

"బుధవారం విమానం ఎక్కు," అన్నాడు క్రెయిగ్. వీళ్ల వీసాలు కంపెనీ గుప్పిట్లో ఉన్నాయి. కంపెనీ పొమ్మంటే ఆస్ట్రేలియా దేశం మొత్తం పొమ్మన్నట్టే.

జోసెస్ అక్క రోజలీన్ గేటు దగ్గర పైపుతో బండ్లు కడుగుతుంది. తమ్ముడి మొహం చూడలేక తల దించుకుంది. వనువాటులో వాళ్ల అమ్మ ఈ ఇద్దరి చేతుల మీదే బతుకుతోంది.

ఆ మధ్యాహ్నమే తెల్లటి పెద్ద కారొకటి వచ్చింది. కంపెనీలో పెట్టుబడి పెట్టే పెద్దమనుషులు. టైర్ల పైన ఎర్రమట్టి గడ్డలు కట్టి ఉంది. అంతకుముందు ఎన్ని తోటలు తిరిగొచ్చారో వాళ్లకే తెలియాలి. రోజలీన్ పైపెత్తి ఆగమంది.

క్రెయిగ్ పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్, తప్పుకో! ఆ మందునీళ్లు పడితే రంగు పాడవుతుంది. భోజనానికి టైమైపోతోంది వాళ్లకి."

"మట్టి ఉంది దొరా."

"నీకు కనబడేవన్నీ నాకు చెప్పక్కర్లేదు."

కారు గీత దాటి దర్జాగా లోపలికి పోయింది. ఖరీదైన టైరు కింద దాక్కోవడం మర్యాద కాదని తెగులుకి ఎవరు నేర్పారో మరి! మడి కూలివాడికే. దొర ఎక్కడ తొక్కితే అదే శుభ్రం. షెడ్డు గోడ మీద సర్కారు వారి పోస్టరులో బొమ్మ ఒకటి, నవ్వుతూ, తోటల రక్షణ అందరి బాధ్యత అని చెబుతోంది. ఆ అందరిలో ఆ కారువాళ్లు లేరు కాబోలు.

ఆదివారం చర్చి అయ్యాక కూలీలు తాము ఉండే రేకుల బసల మధ్య కూర్చున్నారు. ఉడికించిన చేమదుంపలు, డబ్బా చేపలు ముందున్నా ఎవరికీ తినబుద్ధి కాలేదు.

"నోరు మూసుకుని ఈ సీజను గడుపుకుందాం," అన్నాడు మోలి. అందరికంటే పెద్దవాడు, చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. "జోసెస్ కోసం గొడవ పడితే అందర్నీ మూటగట్టి పంపేస్తారు. నాకూ పిల్లలున్నారు."

"రేపు నీ బూటుకి మట్టి అంటదా బాబాయ్?" అంది రోజలీన్.

"అంటదు. నేను రుద్ది రుద్ది కడుగుతా."

"అయితే కడుగుతూనే ఉండు. ఆ కారు తెచ్చిన తెగులు తోటకి పట్టాక, దీవులోళ్లు తెచ్చారని మన నెత్తినే రుద్దుతారు. అప్పుడు నిన్నూ పంపుతారు, నీ శుభ్రమైన బూట్లతో సహా!"

కొందరు నవ్వారు. మోలి నవ్వలేదు.

అప్పుడు పక్క తోట కొలీన్ వచ్చింది. చిన్న రైతు, నోటి దురుసు మనిషి. "ఆ కారు సంగతి విన్నాను. మీ కాలవ నీళ్లు నా తోటలోకే వస్తాయి. ఆ మట్టి ఒక్క వానకి నా అరటి మొదళ్లలో ఉంటుంది. వాళ్లు ఇంకో లోయ కొనుక్కుంటారు. నేనెక్కడికి చావను?"

"కంపెనీ మీ తోటకి పనికి పంపినప్పుడు మమ్మల్ని వరండా ఎక్కనిచ్చారా?" అని అడిగింది వెనకనుంచి ఒకామె.

కొలీన్ మొహం ఎర్రబడింది. "లేదు. బుద్ధి లేక. ఇప్పుడు మీ పక్కన కూర్చోనిస్తారా, పొమ్మంటారా?"

జరిగి చోటిచ్చారు. వాదులాట సాయంత్రం దాకా సాగింది. సమ్మె అంటే వీసా పోతుందని సగం మంది భయం. చివరికి రోజలీన్ లేచింది. "మనం కొత్తగా ఏమీ చెయ్యొద్దు. రూలు వాళ్లే పెట్టారు. దాన్నే పాటిద్దాం. దొరకీ అదే, జోసెస్‌కీ అదే. వాణ్ని పంపితే ముందు ఆ కారువాళ్లని పంపాలి!"

సోమవారం తెల్లకారు మళ్లీ వచ్చింది. రోజలీన్ గీత మీద నిలబడింది. "కడగాలి."

"దారి వదులు!" క్రెయిగ్ అరిచాడు.

షెడ్డులోంచి ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. కత్తులు చెట్ల దగ్గరే వదిలేసి గెలలు నరికేవాళ్లూ వచ్చారు. బయట రోడ్డు పక్కన కొలీన్, ఆమె వెంట చిన్న రైతులు. కారులో పెద్దమనుషులు అద్దాలు పైకెత్తుకున్నారు. నీళ్లంటే అంత భయపడే మగాళ్లను రోజలీన్ ఎక్కడా చూడలేదు.

క్రెయిగ్ పోలీసులకు ఫోను కొట్టాడు. సార్జెంట్ డోహర్టీ కారు బయటే ఆపి గీత దాకా నడిచి వచ్చాడు.

"మీ అన్న తోట కూడా ఈ కాలవ కిందేగా, డోహర్టీ?" అంది కొలీన్.

డోహర్టీ తొట్టి వైపు తిరిగాడు. తొట్టిలో ఒక బూటు ముంచాడు, తర్వాత రెండోది. ఆ చల్లటి మందునీళ్లలో దొరతనం కొంచెం తడిసింది. జనం ఈలలు వేశారు. అయినా సంకెళ్లు సంకెళ్లే. రోజలీన్ చేతులకు వేసి తీసుకెళ్లి తన కారులో కూర్చోబెట్టాడు.

క్రెయిగ్ చప్పట్లు కొట్టాడు. "అయిపోయింది నాటకం. ఇక పనికి నడవండి!"

నేల మీద పడి ఉన్న పైపును మోలి వంగి తీశాడు. రోజలీన్ పోలీసు కారు అద్దంలోంచి చూసి కళ్లు తుడుచుకుంది.

"నువ్వా?" అన్నాడు క్రెయిగ్.

"నేనే దొరా. కడగాలి."

"వీణ్ని కూడా పట్టుకోండి!"

మోలి గీత మీద చతికిలబడ్డాడు. వెనక అందరూ బురదలోనే కూర్చున్నారు. "ఇందర్ని పట్టుకెళ్లడానికి ఒక్క కారు ఏం చాలుతుంది సార్?" అన్నాడాయన డోహర్టీతో. "మేం నడవం. పెద్ద బస్సు తెప్పించండి. దాన్నీ కడిగాకే లోపలికి రానిస్తాం."

బస్సు వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. డ్రైవరు దిగి, క్రెయిగ్‌ను దాటుకుని మోలి దగ్గరికొచ్చి, "పెద్దాయనా, టైర్లు ఎక్కడ కడగాలి?" అని అడిగాడు. మోలి చూపించాడు. కడగడం పూర్తయ్యాక అందరూ లేచి, మోలి పాట ఎత్తుకోగా, వరసగా బస్సెక్కారు.

షెడ్డు ఖాళీ అయింది. తోటలో గెలలు పండుబారుతున్నాయి. క్రెయిగ్ బస్సు పక్కన పరిగెడుతూ, "గెలలు ఎవడు కోస్తాడ్రా?" అని గొంతు చించుకున్నాడు.

మోలి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"జోసెస్‌ని అడుగు దొరా. వాడుంటే మేముంటాం."