బాల్సా రాజు

బొమ్మలాట మందిరంలో ఏళ్ల తరబడి రాజు బొమ్మను ఆడించేది అక్కే. కర్రకు బిగించిన బొమ్మను తల మీదికి ఎత్తితే ఆట అయ్యేదాకా దించకూడదు. మణికట్టు విరిగి అతుక్కున్నాక ఆ టేకు రాజును మోయడం ఆవిడ వల్ల కాలేదు. ఇప్పుడు గుమ్మం దగ్గర కూర్చుని టికెట్లు చింపుతోంది. కొత్త ఆటలో రాజును వేరేవాళ్లకు ఇవ్వాలని మేనేజరు నసుగుతున్నాడు.

"తేలికైన రాజును చేసిపెట్టరా," అని తమ్ముణ్ణి అడిగింది.

తమ్ముడు వడ్రంగి. టేకు తప్ప మరోదాన్ని చెక్క కింద లెక్కచెయ్యని మనిషి. అక్క తెప్పించిన బాల్సా అనే తేలిక చెక్క దుంగను చేతిలోకి తీసుకుని పెదవి విరిచాడు. నాటిన ఆరేడేళ్లకే కోతకు వస్తుందట. పైగా పుస్తకాల లెక్కలో ఇది గట్టికలప జాతట. గోటితో నొక్కితే గుంట పడుతోంది, ఏం గట్టో ఏమో. పిల్లలాడుకునే విమానాలకూ, నీళ్ల మీద తేలే తెప్పలకూ పనికొస్తుంది గానీ రాజుకు పనికొస్తుందా?

అయినా అక్క అడిగింది కాబట్టి మొదలుపెట్టాడు. టేకుకు అలవాటైన చేత్తో ఉలి మీద బలం వేశాడు. చెక్క తెగలేదు, నలిగిపోయింది. మెత్తటి చెక్కకే మరింత పదునైన ఉలి కావాలని అప్పుడు తెలిసొచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదనుకోండి, వడ్రంగి పరువు సామాన్యమైనదా! ఉలిని సానబెట్టి, చేతికి బుద్ధి చెప్పుకుని, ముక్కూ మీసం కిరీటం ముచ్చటగా దించాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కిందపడితే ముక్కలవుతుందన్న భయం పీకుతుంటే వార్నిష్ పూశాడు. చెక్క పీల్చేసుకుంది. మళ్లీ పూస్తే మళ్లీ తాగేసింది. పైన గుడ్డ చుట్టి, జిగురు పట్టించి, ఇంకో పూత వేశాడు. రాజు రాయిలా తయారయ్యాక గానీ అతని మనసు కుదుటపడలేదు.

అక్క దాన్ని ఎత్తింది. కాసేపటికే మణికట్టు వణకసాగింది. "బాగుందిరా," అంటూ దించేసి, మళ్లీ టికెట్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ అబద్ధం తమ్ముడికి చెంపదెబ్బలా తగిలింది. బొమ్మకు దెబ్బ తగలకూడదన్న ధ్యాసలో పడి అక్క చేతిని మరిచిపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మళ్లీ చేశాడు. లోపలంతా తొలిచి, పైన ఒక్క పల్చటి పూత వేసి వదిలేశాడు. ఇస్తున్నప్పుడు చేతులు వెనక్కి తీసుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"జాగ్రత్తక్కా. తగిలితే విరుగుతుంది."

"విరగనీరా. దీన్నైతే మళ్లీ చేస్తావు. నా చెయ్యి మళ్లీ చేస్తావా?"

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. మేనేజరు చూస్తుండగా అక్క రాజును ఎత్తింది. రాజు ఠీవిగా నాలుగు అడుగులు వేశాడు. తెర పక్కనున్న స్తంభం తగిలి ముక్కు విరిగి కింద పడింది. తమ్ముడు ముందుకు ఉరికాడు. అక్క మాత్రం ఆట ఆపలేదు. రాజు వంగి నేలంతా వెతికాడు. దొరక్కపోయేసరికి మేనేజరు వైపు తిరిగి, అతని ముక్కునే అనుమానంగా చూశాడు.

మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ రాజును ఇంకెవరికిస్తామండీ," అన్నాడు.

తమ్ముడు ఆ మాట వినిపించుకోలేదు. అక్క మణికట్టునే చూస్తున్నాడు. అది వణకడం లేదు.