సూదమ్మ కుట్టిన పదకొండు చిరుగులు

ఏడో చిరుగు దగ్గర సూదమ్మకి అనుమానం వచ్చింది. నీలం రంగు పనిచొక్కా, కుడి మోచేతి దగ్గర చిరుగు. మేకుకి తగులుకున్న బట్ట మూలగా చీలుతుంది. అరిగి చిరిగిన బట్టకి చిరుగు చుట్టూ దారాలు పలచబడతాయి. ఇది రెండూ కాదు. ఎవరో బ్లేడుతో కోసి, అంచుల్ని గరుకు కాగితంతో పనిగట్టుకుని రుద్దినట్టుంది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, దీపం కింద బట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ నటులు వేషాలు విప్పాక కూడా కొట్టుకు చస్తున్నారు కాబోలు అనుకుంది. సూదిలో నీలం దారం ఎక్కించి మళ్లీ పనిలో పడింది.

ఆ నాటకశాలలో ఒక పద్ధతి ఉంది. వేదిక కింద పన్నెండు మెట్లు దిగితే బట్టల గది. తలుపు పక్కన పేముబుట్ట. బుట్టలో పడ్డ బట్టని కుట్టాలి, అంతే. ఎవరు వేశారు, ఎలా చిరిగింది అని ఆరా తీయకూడదు. ఒకసారి మహారాజు వేషం వేసే పెద్దమనిషి పంట్లాం కూర్చునేచోట నిలువునా చీలి వచ్చింది. ఇంకోసారి నాయికదీ నాయకుడిదీ బట్టలు ఒకే రోజున బొత్తాలు తెగి వచ్చాయి. రెండుసార్లూ సూదమ్మ నవ్వుని దారంతోపాటు పళ్ల మధ్య తెంపేసింది తప్ప పెదవి విప్పలేదు. అందుకే ఆ నాటకశాలలో చాలామంది పరువు ఇప్పటికీ నిలబడి ఉంది.

ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉంది. అందరికీ సూదమ్మే. అరవై ఒకటి నిండాయి. నిలబడితే ఇస్త్రీబల్లకన్నా జానెడు ఎత్తు. ఏళ్ల తరబడి కిందికి చూసి కుట్టడంతో మెడ ముందుకి వంగింది. నడుస్తుంటే జారిపోయిన బొత్తాం వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. కుడి చూపుడువేలి కొస గట్టిపడి మొద్దుబారింది. సూది గుచ్చుకుంటే ఆ కబురు ఆవిడకి కాస్త ఆలస్యంగా అందుతుంది. ఇరవయ్యో ఏట, పదిహేను రోజులకి ఇస్త్రీ మనిషి కావాలంటే వచ్చింది. ఆ పదిహేను రోజులూ ఇంకా అవలేదు. మధ్యలో రంగస్థలానికి గోడలూ తలుపులూ చేసే వడ్రంగిని పెళ్లాడింది. తొమ్మిదేళ్లకి అతను పోయాడు. పిల్లల్లేరు. అతను పోయిన వారానికే వచ్చి ఇస్త్రీపెట్టె వేడిచేసింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆవిడకి తెలుసు.

ఇప్పుడు చెల్లెలితో ఉంటోంది. రెండు గదులు, ఒక కిటికీ. చెల్లెలు నలభై అంతస్తుల మేడలో, ముప్పై రెండో అంతస్తులో వంట చేస్తుంది. ముందు లిఫ్టు ఎక్కకూడదు, వెనక లిఫ్టులో వెళ్లాలి. అయినా ఇస్త్రీ చెయ్యని బట్ట కట్టి ఎరగదు. నలిగిన బట్టతో వెళితే ఒంట్లో బాలేదా అని అడిగేవాళ్లుండరు, ఇంకొకర్ని చూసుకుంటారు. సాయంత్రాలన్నీ ఆ ఇంటి పొయ్యి దగ్గరే గడిచిపోవడంవల్ల అక్క పనిచేసే చోట ఒక్క నాటకమైనా చూడలేదు. ఇన్నేళ్లకి ఇవాళ సెలవడిగింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, "నన్నేం వేసుకురమ్మంటావే అక్కా?" అని మూడుసార్లు అడిగింది. "నిన్నెవరు చూస్తారే, అందరూ వేదిక వైపు చూస్తారు" అని సూదమ్మ ఆటపట్టించింది గాని, వచ్చేముందు చెల్లెలి గోధుమరంగు జాకెట్టుకి తనే ఇస్త్రీ చేసి పెట్టింది.

ఇవాళ ఆడబోయే నాటకం పాతది. తొంభై ఏళ్ల కింద ఎవరో మహానుభావుడు రాశాడు, లోకం చక్కగా మరిచిపోయింది. కరువు రోజుల్లో ధాన్యపు కొట్టుకి తాళం వేసుకున్న వర్తకుడు, ఆ ఇంట్లో పనిమనిషి, పోయిన తాళంచెవి. అదీ కథ. ఆఖరిసారి ఆడింది నలభై ఒక్క ఏళ్ల కిందట. ఆరు ప్రదర్శనలు, ఆరోదానికి నటులకన్నా ప్రేక్షకులు తక్కువ. సూదమ్మ ఇస్త్రీకి వచ్చిన మొదటి నాటకం అదే. ఇప్పటి దర్శకుడు ఆ పుస్తకం దుమ్ము దులిపి, కథని ఆకాశమంత మేడలోకి ఎక్కించాడు. ధాన్యపు కొట్టు మేడమీది నీళ్లట్యాంకు అయింది. పై అంతస్తులవాళ్లు ఈతకొలను నింపుకుంటుంటే కింది వాళ్లకి కొళాయిలో చుక్క రాదు. ఆలోచన మంచిదే, అందులో వంక పెట్టడానికి లేదు.

మధ్యాహ్నం రెండింటికి దర్శకుడు మెట్లు దిగి వచ్చాడు. ముప్పై రెండేళ్లుంటాయి. మనిషి మంచివాడే, మూడు రోజులుగా సరిగ్గా తిని ఉండడు. పనిమనిషి వేషం వేసే నటి అప్పటికే ముక్కాలిపీట ఎక్కి నిలబడి ఉంది. సూదమ్మ ఆవిడ ఆఖరి అంకం బట్టల అంచుకి గుండుసూదులు పెడుతోంది. వాళ్లిద్దరిదీ పాతికేళ్ల స్నేహం.

దర్శకుడు బుట్టలోకి తొంగిచూశాడు. "సూదమ్మగారూ, నా చిరుగులేవండీ?"

"అన్నీ కుట్టేశా బాబూ. పదకొండు."

అతను గుడ్లు తేలేశాడు. "రెండు రోజులు కూర్చుని చింపుకున్నానండీ!"

"చింపారా? మీరా?"

"పేదవాళ్ల వేషాలు కదా. బుట్టలో ఉంటే జాగ్రత్తగా ఉంటాయని పెట్టాను."

పీట మీద నటికి నవ్వు ఆగలేదు, నడుం దగ్గర గుండుసూది గుచ్చుకుని కెవ్వుమంది. దర్శకుడు తల పట్టుకున్నాడు. కోప్పడదామంటే ఎదురుగా ఉన్నది అమ్మకన్నా పెద్దావిడ. "నాలుగింటికల్లా మళ్లీ చింపేయండి, ప్లీజ్. ఆరింటికి తెర లేస్తుంది" అన్నాడు.

సరేనని సూదమ్మ కత్తెర తీసుకుంది. చెప్పిన పని చెయ్యడం ఆవిడకి అలవాటు. పనిమనిషి వేషపు నీలం చొక్కా మోచేతి దగ్గర, పొద్దున తను అడ్డంగా నిలువుగా దారాలు అల్లి పూడ్చినచోట కత్తెర మొన ఆనించింది. చెయ్యి రాలేదు. ఇంకోసారి ఆనించింది. చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"బాబూ, ఈ పనిమనిషి ఉండేది పెద్దింట్లో కదా. చిరుగులతో వెళితే రెండో రోజు రానిస్తారా?"

"చూడగానే పేదరికం కొట్టొచ్చినట్టు కనపడాలి కదండీ."

"మా చెల్లెలు అలాంటి ఇంట్లోనే చేస్తుంది. ఒక్కనాడు చిరుగుతో గడప దాటలేదు. ఇవాళ అది వస్తోంది నాటకానికి. మన బతుకు ఇలా ఉంటుందని వీళ్లంతా అనుకుంటున్నారా అక్కా అని అడిగితే నేనేం చెప్పను?"

దర్శకుడు దగ్గరికి వచ్చాడు. చొక్కా అందుకుని మోచేతి దగ్గర వెతికాడు, చిరుగున్న చోటు దొరకలేదు. "అసలు మీ కుట్టు కనిపించట్లేదే! ఇరవయ్యో వరసలోవాళ్లకి ఇది కొత్త చొక్కా. కనిపించకపోతే ఏం లాభం?"

"కనిపించకూడదనే కదా బాబూ కుట్టుకునేది!"

ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. సూదమ్మకి కోపం రావడం ఆ గదిలో ఎవరూ చూసి ఎరగరు. ఆవిడకే కొత్తగా ఉంది, చెవులు వేడెక్కాయి. గొంతు తగ్గించి, "అయినా ఈ సంగతి నాటకంలోనే ఉంది కదా. మూడో అంకంలో, దాన్ని సోదా చేస్తామన్నప్పుడు" అంది.

"ఏ సంగతి?"

సూదమ్మ బొత్తాలు ఏరినంత నింపాదిగా, ఏ భావమూ లేకుండా చెప్పింది. "వెతకండయ్యా, నా బట్టలు వెతకండి. చిరిగిన ప్రతిచోటా కుట్టు ఉంది. ఆ కుట్లు లెక్కపెట్టండి. మీ ఇంట నేనెన్నేళ్లు చాకిరీ చేశానో తెలుస్తుంది."

ఆ వాక్యాలు పాతకాలపు భాష, పైగా పొడుగు అని దర్శకుడు నెలకిందటే ఎర్రపెన్నుతో కొట్టేశాడు. ఆ సంగతి చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

నాలుగున్నరకి తిరిగి వచ్చాడు. చేతిలో పాత పుస్తకం ఉంది, మూడో అంకం దగ్గర వేలుపెట్టి పట్టుకున్నాడు. "మీరు చెప్పింది ఒక్క అక్షరం తప్పు పోలేదు" అన్నాడు. "చింపొద్దండి. కుట్టినవి కుట్టినట్టే ఉండనివ్వండి. ఆ మాట మాత్రం ఇప్పుడు పెట్టలేను. దీపాలూ చప్పుళ్లూ అన్నీ కంప్యూటర్లో ఎక్కించేశాం. ఒక్కటి చేరిస్తే ఆ రంగమంతా తప్పుతుంది." మొదటి ప్రదర్శనకని తెచ్చుకున్న నల్లసూటు తెరచాటున వేసుకుని, విడిచిన బట్టలు కుర్చీ మీద పడేసి, ఎవరో పిలుస్తుంటే పరుగెత్తాడు.

"సగం దక్కింది. చాల్లే" అంది సూదమ్మ.

చాల్లే అంది గాని చాలలేదు. చిరుగుల్లేని చొక్కాని ఆ మాట లేకుండా చూస్తే పనిమనిషికి ఏ లోటూ లేదనుకుంటారు జనం. కుట్టు ఉందని నోటితో చెప్తేనే తెలుస్తుంది. తను మొట్టమొదటిసారి ఆ మాట విన్నది ఇదే గదిలో, నలభై ఒక్క ఏళ్ల కిందట పైన ఆడుతుంటే. అప్పుడు ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఎందుకంటే ఇళ్లల్లో పనిచేసి వచ్చి దీపం దగ్గర తన బట్టలు కుట్టుకునే వాళ్లమ్మ ఆ మాటలో కనబడింది. ఒక పుస్తకంలో, అంత పెద్ద మనుషుల ముందు, తన తల్లి గురించి ఎవరో రాశారని ఇరవయ్యేళ్ల పిల్ల ఎంత పొంగిపోయిందో ఎవరికి చెప్పగలదు? ఇవాళ చెల్లెలికి అది వినిపించాలని ఉంది. అంతకుమించి ఆవిడ ఈ నాటకశాలని ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నటి దగ్గరికి వచ్చి, "ఆ మాట ఇంకోసారి చెప్పవే" అంది. సూదమ్మ చెప్పింది. నటి పెదవులు కదుపుతూ వింది. మళ్లీ చెప్పించుకుంది.

"ఎందుకమ్మాయ్, తీసేశాడుగా."

"ఊరికే. ఆ కాలర్ బొత్తాం కాస్త చూడు."

ఆరింటికి తెర లేచింది. గోడమీది చిన్న స్పీకరులోంచి పైన జరిగేదంతా వినబడుతుంది. మొదటి అంకంలో దగ్గులు ఎక్కువ, రెండో అంకానికి తగ్గాయి. అది మంచి గుర్తు అని సూదమ్మ లెక్క. విరామంలో వర్తకుడి కోటు చేతికి బొత్తాం కుట్టి పంపింది. ఆఖరి అంకంలో నటి తొడుక్కోవలసిన బట్టలు విప్పదీసి, వేసుకునే వరసలో కుర్చీ మీద పరిచింది. మెట్లెక్కి తలుపు సందులోంచి చూస్తే చెల్లెలు పన్నెండో వరసలో, జాకెట్టు మెడదాకా బొత్తాలు పెట్టుకుని, పరీక్షకి వచ్చినదానిలా నిటారుగా కూర్చుని ఉంది. సూదమ్మ చెయ్యి ఊపింది, చెల్లెలు చూడలేదు. కిందికి దిగాక ఆయాసంగా అనిపించింది. కూర్చుంది. చేతులు ఊరుకోక, సాయంత్రం నుంచీ మధ్యమధ్య చేస్తున్న పని ఒకటి మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

మూడో అంకంలో వర్తకుడు పనిమనిషిని సోదా చెయ్యమని అరిచాడు. ఆవిడ మౌనంగా తల వంచుకోవాలి, దీపాలు తగ్గాలి. కంప్యూటరు తన మానాన దీపాలు తగ్గించేసింది. నటి మాత్రం తల వంచుకోలేదు. సగం చీకట్లో ముందుకి వచ్చి, కుడి మోచెయ్యి పైకెత్తి, ఆ మాటలన్నీ చెప్పింది. భావమేమీ పెట్టలేదు, సూదమ్మ చెప్పినట్టే చెప్పింది. మనిషి అవుపించక మాటలే వినబడడంతో హాల్లో ఎవరూ కదల్లేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ దర్శకుడు కూడా కదల్లేదు. పన్నెండో వరసలో చెల్లెలు తన జాకెట్టు చేతిమీద, తనకీ అక్కకీ మాత్రమే తెలిసిన చోట, వేళ్లు పెట్టి అలాగే ఉంచింది.

రంగం అవగానే నటి మెట్లన్నీ రెండేసి చొప్పున దిగింది. "విన్నావా సూదమ్మా? చెప్పేశాను!" అంది. సూదమ్మ గోడకి తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. నిద్ర పట్టేసినట్టుందని నటి నవ్వుకుని, పరిచి ఉన్న బట్టలు వరసగా తొడుక్కుని పైకి పరుగెత్తింది. ఒక్క బొత్తాం కోసం కూడా వెతుక్కోవలసిన పని పడలేదు.

నాటకం అయ్యాక నటి చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చి సూదమ్మ భుజం తట్టినప్పుడు తెలిసింది. ప్రేక్షకుల్లో ఉన్న ఒక డాక్టరు వచ్చి చూశాడు. గుండె ఆగి గంట దాటిందన్నాడు. అంటే మూడో అంకం మొదలవకముందే. ఆ లెక్క తేలగానే నటి ముక్కాలిపీట మీద కూలబడి ఏడ్చింది. "దానికోసమే చెప్పాను. అదే వినలేదు."

చెల్లెలు అక్క పాదాల దగ్గర నేలమీద కూర్చుని ఉంది. "అక్క వినక్కర్లేదమ్మా. దానికి వచ్చు. నేను విన్నాను" అంది. అని, అప్పుడు ఏడ్చింది.

రెండో రోజు కూడా నాటకం ఆడారు. ఆ మాటని దర్శకుడే మళ్లీ పుస్తకంలోకి ఎక్కించి, దీపాలు కూడా సరిచేయించాడు. ఆ రోజు పొద్దున అతను తను విడిచిన బట్టలకోసం బట్టల గదికి వచ్చాడు. కుర్చీ మీద లేవు. సూదమ్మ కూర్చునే బల్లమీద, రాత్రి ఆవిడ ఒళ్లోంచి ఎవరో తీసి మడతపెట్టిన అతని జీన్సు ప్యాంటు ఉంది. బాగా ఖరీదు పెట్టి, రెండు మోకాళ్ల దగ్గరా చిరిగినదాన్నే ఏరి కొనుక్కున్న ప్యాంటు అది. కుడి మోకాలు ఎక్కడ చిరిగి ఉండేదో వేళ్లతో ఎంత తడిమినా తెలియలేదు. ఎడమ మోకాలి దగ్గర సగం దాకా అల్లిన నీలం దారం, దాని చివర సూది, అలాగే ఉన్నాయి.