నిండు చేప

తొట్టి అంచున బోర్లా పడుకుని ముల్లు మామ ఇసుకవంక చూస్తున్నాడు. బల్లపరుపుగా ఉండే టేకు చేప ఇసుకలో కూరుకుని పడుకుంటే వెతికినా కనబడదు. కళ్ళ వెనకున్న రెండు రంధ్రాలతో అది ఊపిరి తీసినప్పుడల్లా పైనున్న రేణువులు కాస్త కదులుతాయి. కదిలాయి. చేప ఉంది. ఉన్నందుకు సంతోషించాల్సిందిపోయి, ‘సరే, కడుపులో పిల్లలున్నాయా?’ అనుకున్నాడు.

ఆయన స్వభావమే అంత. వాసన చూడనిదే పాలు తాగడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే జేబు తడుముకుంటాడు. వయసులో ఉన్నప్పుడు నదిలో చేపలు పట్టేవాడు. “ఏం లేదు, దిగు” అన్న తోటివాడి మాట నమ్మి పడవ దిగితే, టేకు చేప తోకముల్లు మడమలో దిగబడింది. ఆ విషం కొన్నాళ్ళకు విరిగింది గానీ, మనిషి మాట మీద పోయిన నమ్మకం మళ్ళీ రాలేదు. పేరు మాత్రం వచ్చింది.

ఆనకట్ట కట్టి, ఇసుక తవ్వుకుపోయాక ఆ చేప నదిలో కనబడటమే అరుదైపోయింది. మిగతా చేపల్లా లక్షల గుడ్లు పెట్టే రకం కాదు. నెలల తరబడి కడుపు మోసి నాలుగు పిల్లల్ని కంటుంది, అంతే. దాన్ని కాపాడే ఈ కేంద్రంలో ఇన్నేళ్ళకు ఒక్కటే కడుపుతో ఉంది. వీపు చాటంత వెడల్పు కాబట్టి అందరికీ అది చాటమ్మ. పిల్లలు పుట్టి కాస్త ఎదిగాక నదిలో వదలాలని కేంద్రాన్ని నడిపే డాక్టరమ్మ కలలు కంటోంది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: నిండు చేపను వలతో ఎత్తకూడదు. బెదిరితే నెలలు నిండకుండానే పిల్లల్ని వదిలేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆ మాట చెప్పేది ముల్లు మామే.

ఆ కొత్తవాళ్ళలో ఆయన బావమరిది ఒకడు. ఉద్యోగం ఇప్పించిందీ ఈయనే, ఆ రోజు నుంచీ వాణ్ణి ఓ కంట కనిపెడుతున్నదీ ఈయనే. రంగుచేపల వ్యాపారులు ఇలాంటి పిల్లలకు ఎంతైనా పోస్తారు. పైగా ఈ మధ్య వాడు మూతమీద గోనె కప్పిన బకెట్టుతో తిరుగుతున్నాడు.

“మా తమ్ముడి మీద మీకెందుకండీ అంత అనుమానం?” అంది భార్య, పొద్దున టీ అందిస్తూ.

“అనుమానమని ఎవరన్నారు? జాగ్రత్త,” అన్నాడు, గ్లాసు వాసన చూసి.

మధ్యాహ్నం పంపుగది వెనక బావమరిది ఫోన్లో మాట్లాడటం చెవినబడింది.

“ఖాళీ అయిపోయింది. ఇప్పుడే వస్తున్నా. మా బావకి మాత్రం తెలీకూడదు.”

ముల్లు మామ గోడ చాటుకు తప్పుకున్నాడు. వాడు గేటు దాటేదాకా ఆగి తొట్టి దగ్గరకు పరుగెత్తాడు. చాటమ్మ వీపు పల్చగా అనిపించింది. ఇసుకంతా చేత్తో దేవినా పిల్ల జాడ లేదు. రాత్రే కనేసిందా? వాడు అమ్మేశాడా? తెలియాలంటే కడుపు చూడాలి. నియమం గుర్తులేక కాదు. ‘ఒక్క క్షణం,’ అనుకుని వల వేసి ఎత్తాడు.

కడుపు నిండుగానే ఉంది. హమ్మయ్య అనుకునేలోగా చేప గిలగిల్లాడింది. ఒకటి జారిపడింది. వెనకే ఇంకోటి. బొటనవేలంత పిల్లలు, పొట్టలకు ఇంకా పచ్చసొన సంచులు వేలాడుతూ. వలను నీళ్ళలోకి దించేసరికి మిగిలినవీ వచ్చేశాయి.

బకెట్టుతో తిరిగొచ్చిన బావమరిది గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఖాళీ అయిందన్నావుగా రా!” అన్నాడు ముల్లు మామ.

“బకెట్టు బావా. వానపాములు అయిపోయాయని అమ్మేవాడికి ఫోన్ చేశా. నాలుగు రోజులుగా చాటమ్మ రొయ్యలు ముట్టడం లేదు. ఇవైతే తింటోంది. బయట మేత అంటే నువ్వు పెట్టనిస్తావా?” అంటూనే వాడు మోకాళ్ళ మీద కూలబడి, పిల్లల్ని చేతుల్లోకి తీసుకుని నీటి ధార కింద పట్టాడు.

సాయంత్రానికి ఒక్కటీ కదలలేదు.

“ఎవరెత్తారు?” అంది డాక్టరమ్మ. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి.

ముల్లు మామ నోరు తెరిచాడు. ఉద్యోగం పోతే కేంద్రం ఇచ్చిన ఇల్లూ పోతుంది.

“నేనే మేడమ్,” అన్నాడు బావమరిది. “ఇల్లు పోతే అక్క ఎక్కడికి పోతుంది బావా,” అన్నాడు తర్వాత, ఆవిడకు వినబడకుండా.

వీడికిందులో ఏం లాభం? ముల్లు మామ మనసులో మొదట పుట్టింది ఆ ప్రశ్నే. పుట్టినందుకు చచ్చేంత సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు. బావమరిది తన రెండు జతల బట్టలూ సంచిలో కుక్కుకుని, అక్కకు కూడా చెప్పకుండా చివరి బస్సుకు వెళ్ళిపోయాడు.

మోటారు ఆపడానికి ముల్లు మామ పంపుగదిలోకి వెళ్ళాడు. వాడు చొక్కా తగిలించుకునే మేకుకు ఒక బుల్లి వల వేలాడుతోంది. మామూలు వల కళ్ళలో పసి తోకముళ్ళు చిక్కుకుంటాయని, మెత్తటి దోమతెర గుడ్డతో వాడు చేత్తో కుట్టినది. అంచు చుట్టూ ఒత్తుగా పడిన కుట్లు, ఒకచోట సూది గుచ్చుకున్న చిన్న రక్తపు మరక, ఇంకా నీళ్ళు తగలని తెల్లటి గుడ్డ.