తోటలో కావలి రాయి

ఇసోయో గారు మా సత్రానికి వచ్చిన మధ్యాహ్నం లోయలోకి పొగమంచు అప్పుడే దిగుతోంది. గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి, వీధి వైపే చూస్తోంది ఆవిడ. ఎనభై దాటిన మనిషి. ఉత్తర సముద్రంలో ఎక్కడో చిన్న దీవి వాళ్ళది. పుట్టి బుద్ధెరిగాక ఊళ్ళు చూడ్డానికని బయల్దేరడం ఇదే మొదటిసారట.

"లోపలికి రండి పెద్దమ్మగారూ, చలిగా ఉంది" అన్నాను.

"ఉండు తల్లీ. ఇప్పుడే కదా పటంలోకి వచ్చాను" అంది.

పటమంటే, వాళ్ళ చేపల సంఘం ఎప్పుడో పంచిన కాలెండర్. అందులో నవంబరు కాగితం మీద మా వీధి బొమ్మ. సంవత్సరం మారినా ఈవిడ ఆ కాగితం చింపలేదు. వంటింటి గోడకి అలాగే ఉంచుకుని, పొయ్యి ముందు నిలబడ్డప్పుడల్లా ఈ వీధిలో నడుస్తున్నట్టు ఊహించుకునేదట. వాళ్ళాయన పోయాడు, పడవ అమ్మేశారు, ఇంక అడ్డమెవరూ లేరని సంచి భుజాన వేసుకుని వచ్చేసింది.

"మరి పటంలో ఉన్నట్టే ఉందా?" అన్నాను.

"అంతా అదే. కానీ పటంలో పొగ వాసన లేదు. నీళ్ళ చప్పుడు కూడా లేదు. నేను ఊహించుకున్న చప్పుడు వేరు" అని, ఇంటి ముందు కొయ్య తొట్టిలోకి పడుతున్న నీళ్ళని చాలాసేపు విన్నది.

నేను నవ్వుతూ నడుం వంచి, తియ్యగా మాట్లాడే యజమానురాల్ని కాను. అలాంటివాళ్ళు కావాలంటే కింద వీధిలో బోలెడు సత్రాలున్నాయి. నా పేరు కినుయే. కినుయే నోటికి జడిసి పిల్లులు కూడా మా చూరు ఎక్కవని ఊళ్ళో ఒక మాట. ఆ రోజు మరీ చిరాగ్గా ఉన్నాను. మర్నాడు పొద్దున బస్సుకి మా చెల్లెలు సుమి ఊరొదిలి వెళ్ళిపోతోంది.

మా వెనకిల్లే దానిది. రెండిళ్ళకీ మధ్య ఒకటే తోట, నాచు పట్టిన ఒకటే రాళ్ళ బాట. దాని మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోంది. ఇల్లు నగోయా నుంచి వచ్చిన కుర్ర దంపతులకి ఇచ్చేసింది, వాళ్ళు కాఫీ దుకాణం పెడతారట. తనేమో హమామత్సులో ఆడపడుచు దగ్గరికి, సముద్రం పక్కకి పోతోంది. ఈ సంగతి నాకు ఎవరు చెప్పారు? కూరగాయలామె చెప్పింది. సొంత చెల్లెలి కబురు కూరగాయలామె నోట వినాల్సి వచ్చింది నాకు.

ఎందుకంటే మా మధ్య కావలి రాయి ఉంది.

అతిథులకి పద్ధతిగా తేనీరిచ్చే ఇళ్ళ తోటల్లో అది మామూలే. దోసిట్లో పట్టేంత గుండ్రటి రాయికి నల్లతాడు అడ్డంగా, నిలువుగా కట్టి, బాటలో ఒక రాతి పలక మీద పెడతారు. ఇక్కణ్ణించి ముందుకి రావద్దని అర్థం. నోరు విప్పక్కర్లేదు, తలుపు వెయ్యక్కర్లేదు. చూసినవాళ్ళు వెనక్కి తిరిగిపోవాలి. పెట్టినవాళ్ళే దాన్ని తియ్యాలి. మా మేనత్త మాకు తేనీరు కలపడంతో పాటు నేర్పిన మర్యాద ఇది.

ఆ మేనత్త సంవత్సరీకం రోజున సుమి టోఫు ముక్కలు మరీ లావుగా కోసింది. కట్టెలు కొట్టేవాళ్ళకా పెడుతున్నావు అన్నాను. నలుగురిలో అన్నాననుకోండి, కానీ ముక్కలు లావే కదా! తెల్లారి చూస్తే బాట మధ్యలో కావలి రాయి. అది మూడేళ్ళ కిందటి మాట. సుమి తియ్యలేదు, నేను దాటలేదు.

ఆ సాయంత్రం ఇసోయో గారు ఊరు చూసొచ్చి నేలపొయ్యి పక్కన కూర్చుంది. ముఖమంతా తడి, కళ్ళు ఇంకా ఎక్కడో ఉన్నాయి. వీధి చివర పాతకాలపు తనిఖీ ద్వారం దాకా వెళ్ళిందట. ఇప్పుడక్కడ రెండు కొయ్య స్తంభాలే మిగిలాయి. పూర్వం బాటసారుల్ని ఆపి, ఎవరు, ఎక్కడికని అడిగాకే పంపేవాళ్ళు.

"నేనూ ఆగాను" అంది. "నా పేరు చెప్పి దణ్ణం పెట్టాను. ఎవరూ పొమ్మనలేదు. కాసేపు చూసి, సరే పో అని నాకు నేనే చెప్పుకున్నాను. అవతల ఏముందనుకున్నావ్? పొగమంచు. అందులోంచి గంట మోగింది. గుడిదో, ఏ ఆవు మెడదో తెలీలేదు. కలలో ఉన్నానేమో, లేపకండి అనుకున్నాను."

"ఆవులు లేవండీ ఇక్కడ. గుడిదే" అన్నాను.

"చెప్పకపోతే బాగుండును" అంది, నవ్వుతూ.

ఆవిడ ఏటి చేప తింటూ ఉంటే నేను ఎర్ర టర్నిప్ దుంపలు ముక్కలు కోసి, ఉప్పు కలిపి పీపాలో ఊరవేస్తున్నాను. పైన కొయ్య మూత పెట్టి బరువు పెడితే కాస్త కాస్త పక్కకి ఒరుగుతోంది.

"ఆ బరువు చాలదు. ఇంకో రాయి కావాలి" అంది ఆవిడ. జీవితమంతా ఒడ్డున సముద్రపు నాచు ఆరబెట్టి, గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టిన మనిషి. రాళ్ళ సంగతి ఆవిడకి చెప్పాలా! తర్వాత కిటికీలోంచి చూసి, "ఆ వెనకింట్లో దీపం ఎవరిది?" అంది.

"మా చెల్లెలిది. రేపు పొద్దున వెళ్ళిపోతోంది, ఇంక రాదు."

"మరి నువ్విక్కడ దుంపలు కోస్తూ కూర్చున్నావేం?"

"దుంపలు ఆగుతాయా?" అన్నాను. ఇంకో దుంప అందుకున్నాను.

పొద్దున నేను లేచేసరికి తోట లేదు. ఇల్లంతా పాలలో మునిగినట్టు, అద్దాలకి బయట ఒకటే తెలుపు. వంటింట్లో ఇసోయో గారు పీపా పక్కన పీట మీద కూర్చుని వేడి నీళ్ళు తాగుతోంది. మూత తిన్నగా కూర్చుంది. దాని మీద పాత బరువు పక్కన కొత్త రాయి.

"దొరికింది" అంది సంబరంగా. "తెల్లారకుండానే తోటలో తిరిగాను. ఎంత బాగుందనుకున్నావ్, నా చేతులు నాకే కనపడలేదు. కాలికి తగిలింది. తాడు కట్టిన రాయంటే పనికొచ్చే రాయే కదా, ఎవరో మర్చిపోయారనుకున్నాను. కడిగి పెట్టాను. తాడు విప్పేశాను. మంచి తాడు, పారెయ్యకు, మడిచి అక్కడ పెట్టాను."

తిట్టడానికి నోరు తెరిచాను. తెలీక చేసిన మనిషిని ఏమని తిట్టను? ఇన్నేళ్ళూ నేను చూపుతో కూడా కదిలించని రాయి అది. సుమి లేచి చూస్తే ఏమనుకుంటుంది? వెళ్ళిపోయే రోజున కూడా అక్క తన మాట కాలదన్నిందనుకుంటుంది.

రాయి, తాడు తీసుకుని పరిగెత్తాను. పలక దగ్గర గొంతుక్కూర్చుని కట్టడం మొదలుపెట్టాను. రాయి నిండా ఉప్పు నీళ్ళు, జారిపోతోంది. ఆ ముడి నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. మా ఇద్దరిలో ముడి చక్కగా వేసేది అదే.

"ఆ కొస కింద నుంచి రావాలి" అన్న మాట వినిపించింది.

తలెత్తాను. తెల్లటి పొగమంచులోంచి ముందు ప్రయాణపు బూట్లు, తర్వాత కోటు, తర్వాత మా సుమి ముఖం. పలకకి ఇవతల, నా వైపు నిలబడి ఉంది. ముసలిదైపోయింది. ఎప్పుడయింది?

"కిటికీలోంచి చూశాను. మంచు కాస్త విడిస్తే బాట ఖాళీగా కనిపించింది" అంది. "తీసేశావనుకున్నాను. వచ్చాను. నువ్వేమో మళ్ళీ పెడుతున్నావు."

"నేను తియ్యలేదే. దీవి నుంచి వచ్చిన పెద్దావిడ తెలీక తీసి దుంపల మీద పెట్టింది."

"ఓహో." దాని ముఖంలో ఏదో ఆరిపోయింది. "అంటే నువ్వు తియ్యలేదు."

"పెట్టినవాళ్ళు కదా తియ్యాలి! అత్త చెప్పలేదూ?"

"అత్త చెప్పింది అతిథులకి. అక్కచెల్లెళ్ళక్కాదు." అది నా చేతిలో రాయి వైపు చూసింది. "నీ కోపం నాకు తెలీదా? ఆ పూటే దాన్ని తన్నుకుంటూ వచ్చి నన్ను దులిపేస్తావనుకుని పెట్టాను. టీ కూడా కాచి కూర్చున్నాను. నువ్వేమో బుద్ధిగా, పరాయి మనిషిలా ఆగిపోయావు. చలికాలం మంచు కురిసి రాయి కప్పబడిపోతే కూడా సరిగ్గా ఇక్కడే ఆగి వెనక్కి తిరిగేదానివి. పై గదిలోంచి చూసేదాన్ని."

చీపురు పట్టుకుని రోజూ అక్కడిదాకా వచ్చేదాన్నన్నది నిజమే. ఊడవడానికి ఆకు కూడా లేని రోజుల్లో వచ్చేదాన్ని.

సుమి చేతి గడియారం చూసుకుంది. "వస్తాను. బస్సుకి టైమయింది."

రాయి నా చేతిలోంచి జారి నాచులో పడింది.

"వెళ్ళకే" అన్నాను.

"ఏమన్నావ్?"

"చెవుడా? వెళ్ళకన్నాను. నువ్వు పక్కన లేకపోతే నాకు బాగుండదు. మూడేళ్ళుగా బాగాలేదు. అన్నం వండుకుంటే సయించదు, ఎవర్నైనా తిట్టినా తృప్తి లేదు. వెళ్ళకే సుమీ."

దాని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మా ఇద్దరి చుట్టూ తోట కొంచెం కొంచెం తేలుతోంది, ముందు దేవదారు కొమ్మ, తర్వాత గోడ.

"తాళాలిచ్చేశాను. ఎక్కడుండను?" అంది చివరికి.

"మా పై గది ఖాళీ."

"నీ సత్రంలో వంట మాత్రం చెయ్యను."

"నువ్వు చేస్తే తినేదెవరు, ఆ లావు ముక్కలు?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. సుమి నన్ను తినేసేలా చూసింది. తర్వాత దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్తే నవ్వుతోంది.

వంటింట్లోంచి ఇసోయో గారి కేక వినిపించింది. "అమ్మాయ్, మూత పైకి లేస్తోంది. నా రాయేదీ?"

సుమి వంగి నాచులోంచి రాయి తీసింది. నేను వేసిన చచ్చు ముడి విప్పి పారేసి, నన్ను దాటుకుని ముందు నడిచింది. పీపా మీద పెట్టింది, కోటు విప్పి మేకుకి తగిలించింది. పెద్దావిడకి వంగి దణ్ణం పెట్టింది. ఆవిడ ఎందుకో ఏమో తెలియకపోయినా తనూ పెట్టింది.

కింద వంపులో బస్సు హారన్ మోగింది. ముగ్గురం విన్నాం. కాసేపు ఆగి ఇంకోసారి మోగి, చప్పుడు లోయలోకి సన్నగా దిగిపోయింది.

"ఎవరి కోసమో ఆగినట్టుంది పాపం" అంది ఇసోయో గారు.

"నా కోసమే. సామాను నిన్ననే వెళ్ళిపోయింది, నాకంటే ముందు అదే సముద్రం చూస్తోంది. చూసి రానివ్వండి" అంది సుమి. తర్వాత పీట లాక్కుని కూర్చుని, నా వైపు చూడకుండానే అంది, "అన్నం పెట్టక్కా. నిన్న పొద్దుట్నించీ ఏమీ తినలేదు."