మంగళవారం వంతు

బడిల మీటింగ్ అంటే బాలలక్ష్మికి చాయ్ గిన్నె మోసుడే. ఆ ఏప్రిల్ నెలల కూడా హెడ్మాస్టర్ మమతారాణి మేడం తల్లులను, తండ్రులను అందర్నీ రమ్మని కబురు పంపితే, అత్త దేవవ్వ పొయ్యి కాడ కూసొని, "జల్ది పో. మొగోళ్ళు వచ్చేటాళ్ళకు చాయ్ మరుగాలె. ఆడ ఏం మాట్లాడకు, పాలు పొంగకుంట చూసుకో" అన్నది. బాలలక్ష్మి తలూపి, గిన్నె సంకనెత్తుకొని నడిచింది.

మంథని దిక్కు, గోదావరికి ఇవతల వరిపొలాల నడుమ ఉన్న ఊరది. ఇంటికొక మొగమనిషి గల్ఫ్‌ల ఉంటడు. బాలలక్ష్మి పెనిమిటి ఓంప్రకాశ్ తొమ్మిదేండ్ల సంది మస్కట్‌ల ఏసీలు బిగిస్తుండు. ఇక్కడ రెండెకరాల పొలం, రెండు బర్రెలు, అత్త, బిడ్డ సృజన — ఇవన్నీ బాలలక్ష్మివి. చూసుకునుడు వరకే ఆమెవి. పొలం ఎవరిదని అడిగితే మాత్రం ఓంప్రకాశ్‌ది.

ఆమెకు చదువొచ్చు. ఆ సంగతి ఊర్ల ఎవలికీ యాదిలేదు. పెండ్లయిన కొత్తల రేషన్ కార్డుల మామ పేరు తప్పు అచ్చయితే ఆమెనే కనిపెట్టింది. ఓంప్రకాశ్ దోస్తులు వాకిట్ల కూసున్నరు. "గీడ ఒత్తు పోయింది చూడుండ్రి" అని వేలు పెట్టి చూపింది. ఓంప్రకాశ్ పకపక నవ్వి, "అరే, మా ఇంట్ల పంతులమ్మ దిగింది రా" అన్నడు. దోస్తులందరు నవ్విన్రు. పెద్ద నవ్వేం కాదది, తెల్లారేసరికి అందరు మరిచిపోయిన్రు. బాలలక్ష్మి మాత్రం ఆనాటి సంది నలుగురి ముందట అక్షరాల దిక్కు చూసుడు బంద్ పెట్టింది. బస్సు బోర్డు తనే చదువుకొని కూడా, "అక్కా, ఇది పెద్దపల్లి పోతదా?" అని పక్కామెను అడిగి ఎక్కుతది.

ఆ రోజు మొగోళ్ళు కుర్చీలల్ల, ఆడోళ్ళు గోడ పొంటి కూసున్నరు. మమతారాణి మేడం నిలవడి చెప్పింది. "మన బడి ఏడో తరగతి దాకనే. పోయినేడు తొమ్మిది మంది ఆడపిల్లలు ఏడు పాసైతే, పక్కూరి హైస్కూల్‌ల చేరింది ఇద్దరే. మొగపిల్లలు సైకిళ్ళ మీద పోతున్నరు. ఆడపిల్లలను కాలువ కట్ట మీద ఒంటరిగ పంపుతలేరు. మీ భయం నాకు తెలుసు. కానీ ఈసారి మళ్ళ ఏడుగురు ఉన్నరు. నేనొక్కదాన్ని ఏం చెయ్యలేను. మీరు తోడు రావాలె."

ఊరి పెద్దమనిషి భూమన్న తువ్వాల సర్దుకొని, "దీనికింత పరేషాన్ ఎందుకు మేడం? ఆడోళ్ళు ఖాళీగనే ఉంటరు గదా. దినానికొకలు పోయి దింపొస్తరు" అన్నడు.

చాయ్ వడబోస్తున్న బాలలక్ష్మి చెయ్యి ఆగింది. ఆ ఏడుగురిల సృజన ఉన్నది.

తను ఏడు పాసైన ఎండకాలం ఆమెకు యాదికొచ్చింది. వాళ్ళ తల్లిగారి ఊరికి, హైస్కూల్‌కు నడుమ ఒక వాగు. "ఆడపిల్ల వాగు దాటి ఏం పోతది" అని బాపు ఒక్క మాట అన్నడు, అంతే. కొట్టలే, తిట్టలే. జూన్ వచ్చింది. పత్తి చేన్ల గింజలు పెడుతుంటే, పక్కింటి పిల్లగాండ్లు కొత్త పుస్తకాలకు పేపర్ అట్టలేసుకొని పోతుండే. ఎనిమిదో తరగతిల ఏముంటదో బాలలక్ష్మికి ఇప్పటికీ తెల్వదు. ఏడు వరకు చదివింది చాలామట్టుకు మరిచిపోయింది, చదవని ఎనిమిదే మనసుల ఉండిపోయింది. గిన్నెలు తోముతుంటె, నాటేస్తుంటె, అత్త కాళ్ళు పిసుకుతుంటె, ఉన్నట్టుండి అనిపిస్తది — గా తర్వాతి పాఠం ఏందో? ఎవల్ని అడుగుతది? అడిగితే పంతులమ్మ అంటరు.

"దింపొస్తం భూమన్న మామా" అన్నది బాలలక్ష్మి. తన గొంతే తనకు కొత్తగ వినవడ్డది. "మరి మేం పోయిన పొద్దు బర్రెల పాలు ఎవలు పిండాలె?"

కుర్చీలల్ల నవ్వులు.

"నవ్వుడు కాదు మామా. వారానికి ఆరు దినాలు బడి. మూడు దినాలు మేం పోతం, మూడు దినాలు మీరు పోండ్రి. బిడ్డలు ఇద్దరికీ బిడ్డలే గదా."

వడబోసే జాలిలకెల్లి చాయ్ ఆమె కాలు మీద కారుతున్నది. కాలుతున్నా కదలలే. గోడ పొంటి కూసున్న ఆడోళ్ళల్ల ఒకామె "నిజమే" అన్నది, ఇంకొకామె గట్టిగ అన్నది. మమతారాణి మేడం సుద్దముక్క తీసుకొని బోర్డు మీద సోమవారం అని రాసి, "భూమన్న గారూ, మీ మనవరాలు కూడా ఉన్నది కదా, మీ పేరే మొదలు రాస్తున్న" అన్నది. అందరి ముందట కాదనలేక భూమన్న మీసం దువ్వుకున్నడు. మంగళవారం కింద బాలలక్ష్మి పేరు పడ్డది. తన పేరును ఆమె అందరి ముందట, బహిరంగంగ, రెండుమార్లు చదువుకున్నది.

పొద్దుమీకి ఓంప్రకాశ్ ఫోన్ చేసిండు. "మీటింగ్‌ల లొల్లి పెట్టినవట గదా? ఊరోళ్ళ గ్రూప్‌ల అంత అదే ముచ్చట. బిడ్డను దింపు, వద్దంటలేను. మొగోళ్ళకు పనులు పంచే పెద్దరికం నీకెందుకు?" ఆమె ఊఁ కొట్టింది. ఊఁ కొట్టుడు తొమ్మిదేండ్ల సంది బాగ అలవాటైంది.

జూన్ల బడి తెరిచిన్రు. మొదటి మంగళవారం నాలుగ్గొట్టంగ లేచి, వాకిలి ఊడ్చి, పాలు పిండి, అత్తకు అంబలి కాచి, పొలం కూలోళ్ళకు అన్నం వండిపెట్టి, ఏడుగురు పిల్లలను ఎంటవెట్టుకొని కాలువ కట్ట మీద నడిచింది. పిల్లలు ముందట ఉరుకుతుండ్రు. హైస్కూల్ గేటు కాడికి పోంగనే వాన దంచుడు మొదలువెట్టింది. వరండాల ముడుచుకొని నిలవడ్డ ఆమెను చూసి సైన్స్ సారు, "తడుస్తున్నవ్ గదమ్మా, లోపల కూసో" అన్నడు. బాలలక్ష్మి చెప్పులు బయట విడిచి, ఆఖరి బెంచీ అంచుకు కూసున్నది. ఎనిమిదో తరగతి అది.

సారు ఉల్లిగడ్డ కోసి, సన్నటి పొర తీసి, గాజు ముక్క మీద పెట్టిండు. ఒక్కొక్కరే వచ్చి మైక్రోస్కోప్‌ల చూడుండ్రి అన్నడు. పిల్లలందరు చూసినంక, "రాండ్రి అమ్మా, మీరు కూడ" అన్నడు. సృజన సిగ్గుతోని తల దించుకున్నది. బాలలక్ష్మి పోయి కన్ను పెట్టింది.

మొదట ఏం కనిపియ్యలే. అటెన్క కనిపిచ్చినయి. ఇటుకలు పేర్చినట్టు వరుసగ అరలు. అరకొక చిన్న చుక్క. దినాం పొద్దుగాల, మాపటికి కోసి, కండ్లనీళ్ళు కార్చుకుంట పొయ్యిల వేసే ఉల్లిగడ్డ. ఇన్నేండ్లు తన చేతులల్లనే ఉన్నది. తనకు ఎవలూ చెప్పలే. ఆమెకు వెనుక నిలవడ్డ పిల్లలు యాదికి రాలే.

"ఎంత వరకు చదివిన్రు?" అని సారు అడిగిండు.

"ఏడు."

"ఇక్కడనే ఆదివారం ఓపెన్ స్కూల్ క్లాసులయితయ్. పెద్దోళ్ళు కూడ పది రాయచ్చు."

వాన తగ్గింది. బాలలక్ష్మి చెప్పులేసుకొని ఇంటికొచ్చింది.

"కూలోళ్ళకు అన్నం నేనే మోసిన. నడుములు పోయినయ్" అని దేవవ్వ తిట్టుడు మొదలువెట్టింది. బాలలక్ష్మి మాపటి కూరకు ఉల్లిగడ్డ కోసుకుంట, పొర ఒకటి తీసి దర్వాజ ఎలుతురుకు పట్టింది. "ఏం చూస్తున్నవే?" అన్నది అత్త.

"దీంట్ల అరలుంటయట అత్తా. ఇయ్యాల బడిల చూసిన."

దేవవ్వ తిట్టుడు ఆపింది. "నేనైతే బడి గోడ మీద పిడకలు కొట్టిన గంతే. లోపల ఎట్లుంటదో చూడనే లే" అన్నది. తర్వాత చెయ్యి చాపింది. "ఏదీ, ఇటియ్యి."

వానకాలమంత వంతులు నడిచినయి. భూమన్న మొదట మూలుగుకుంట పోయిండు. తర్వాత సోమవారం వస్తే చాలు, పిల్లల సంచులు తన సైకిల్‌కు తగిలేసుకొని, ఎక్కాలు చెప్పిచ్చుకుంట నడిపిచ్చుడు షురూ చేసిండు. ఏడుగురిల ఒక్కరూ మానలే. పోయినేడు ఇంట్ల కూసున్న పిల్లలు ఇద్దరు వచ్చి జమైన్రు.

బాలలక్ష్మికి వారమంటే మంగళవారమే అయింది. తక్కిన ఆరు దినాలు దాని చుట్టు తిరిగే పని. పిల్లలను దింపినంక వెంటనే మళ్ళాలె, పొలం ఉన్నది. కానీ కిటికీ పక్కన ఒక్క నిమిషం ఆగేది. ఆ నిమిషం ఐదైంది, పదైంది. సగం పాఠం విని వచ్చేది. తక్కిన సగం వారమంత ఆకలోలె ఉండేది. సృజన పుస్తకం తీసి చదివితే తెలుస్తది, నిజమే. కానీ ఆమెకు కావాల్సింది పుస్తకమొక్కటే కాదు. బెంచీ కావాలె. ఎవలో ఒకలు పేరు పిలిస్తే పలకాలె. తెల్వంది చెయ్యెత్తి అడగాలె, అడిగితే ఎవలూ నవ్వద్దు.

బతుకమ్మ పండుగ అయినంక ఒక ఆదివారం, పదకొండు గొట్టంగ ఆమె ఫోన్ మోగింది. ఓంప్రకాశ్.

"ఎక్కడున్నవ్? అవ్వకు చేస్తే ఇంట్ల లేదన్నది."

"బడిల ఉన్న."

"ఆదివారం బడేంది? మళ్ళ మీటింగా? సృజన ఏమన్న చేసిందా?"

"సృజన ఇంట్లనే ఉన్నది. నాకు క్లాసున్నది. పది రాస్తున్న."

అటు దిక్కు ఏదో మిషన్ సప్పుడు. లోపల సారు హాజరు పిలుస్తుండు. బాలలక్ష్మి కాలు అప్పటికే గడప లోపల ఉన్నది.

"ఎవల్ని అడిగినవ్?" అన్నడు ఓంప్రకాశ్.

"సారును అడిగిన" అన్నది బాలలక్ష్మి. "సీటున్నదన్నడు."