ఎడమ చెవి

"ఐదుసార్లు పిలిచాను," అంది అత్తగారు, చేతివేళ్ళన్నీ విప్పి చూపిస్తూ. "ఒక చెవి మాకు వదిలిపెట్టమన్నాం కదమ్మా. ఆ చెవికి కూడా ఏమన్నా వచ్చిందా?"

పిలిచింది ఫ్యాను కాస్త తగ్గించమని. ఫ్యాను స్విచ్చు అత్తగారి మంచానికి మూరెడు దూరంలో ఉంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులూ లేవు, నడుం నొప్పీ లేదు. పొద్దున్నే నాలుగు వీధులు చుట్టొచ్చి, ఎవరింట్లో ఏం జరుగుతోందో చెప్పగల మనిషి. కోడలే వచ్చి స్విచ్చు తిప్పింది. తిప్పి, ఇస్త్రీ బల్ల ఉన్న చిన్నగదిలోకి వచ్చేసరికి, ఇందాక చేతికి చిక్కినట్టే చిక్కిన పాట మళ్ళీ జారిపోయింది.

గదిలో దాని మూడుకాళ్ళ స్టాండు మీద బాస్ అనే తీగల వాయిద్యం నిలబడి ఉంది. నిలబడి వాయించే అసలు బాస్ అయితే బీరువా అంత ఉంటుంది, దాని పొట్టలోంచి వచ్చే మోతకి గోడలు కూడా పలుకుతాయి. ఇది కరెంటుది. దీనికి పొట్ట లేదు. మనిషెత్తు కర్ర, నాలుగు లావుపాటి తీగలు, అంతే. స్పీకరుకి తగిలిస్తే దీనికి గొంతు వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వాయించే మనిషికి తప్ప పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడదు. వాయిద్యాలమ్మే కొట్లో ఉన్నవాటన్నిట్లోకీ చవకది ఇదే. కింది అంచున ఒక సొట్ట ఉండబట్టి ఇంకాస్త తగ్గించి ఇచ్చారు.

ఇంటికి తెచ్చిన రోజున ఆమె భర్త దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "గుడ్డలారేసుకునే స్టాండుకి తీగలెందుకే?" అన్నాడు. మర్నాడు అత్తగారు నిజంగానే తన తువ్వాలు తెచ్చి దాని తలమీద ఆరేసింది. అందరూ కడుపుబ్బ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తను కూడా నవ్వినందుకు ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఏదో చవకదే కదా, చప్పుడు కూడా ఉండదంటోంది, పోనీలే," అన్నాడు భర్త చివరికి. చవకగా దొరకాలి, చప్పుడు చెయ్యకూడదు. ఈ రెండు గుణాలూ ఉంటే ఆ ఇంట్లో దేనికైనా ఒక మూల చోటు దొరుకుతుంది. ఇరవై రెండేళ్ళ కిందట ఆమెకి దొరికింది కూడా అలాగే.

మొదటి నెల తిరక్కుండానే ఫిర్యాదులు మొదలయ్యాయి. చప్పుడు లేదు కదా, మరి ఫిర్యాదు దేనికి? పిలిస్తే పలకడం లేదని. కూతురికి నల్ల చున్నీ కనపడలేదు, భర్తకి చార్జరు కనపడలేదు, అత్తగారికి టీవీ రిమోటు తన దిండు కిందే కనపడలేదు. అప్పుడు కుదిరింది ఒప్పందం: హెడ్‌ఫోన్‌ని కుడిచెవి మీద పెట్టుకుని, ఎడమ చెవి ఇంటికి వదిలెయ్యాలి. "నీకొక చెవి, మాకొక చెవి. ఇంతకంటే న్యాయం ఏం కావాలి?" అన్నాడు భర్త. క్రికెట్ చూసేటప్పుడు అతను రెండు చెవులకీ పెట్టుకుంటాడు. కూతురికైతే పొద్దున లేచినప్పటినుంచీ అవి రెండు చెవుల్లో ఉంటాయి. వాళ్ళనెవరూ ఏమీ అడగరు. ఎందుకంటే వాళ్ళని ఎవరూ ఏ పనికీ పిలవరు.

ఆఫీసులోనూ ఆమెది ఒంటి చెవి బతుకే. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర ఆమె ఉద్యోగం. ఒక చెవికి ఫోను, రెండో చెవి సూపర్‌వైజరు మాటకి. ఆయన అప్పుడప్పుడు వెనక నిలబడి, "అరిచేవాళ్ళని ఈ మేడమ్‌కి పంపండయ్యా, ఆవిడ గొంతు వింటే పులైనా పిల్లవుతుంది," అంటాడు. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలు పుణ్యమా అని, ఎనిమిది గంటలసేపు ఊళ్ళో ఉన్న తిట్లన్నీ ఏరికోరి ఆమె చెవిలోనే పడతాయి. పక్క సీటు మగమనిషికి గొంతు కరుకు కాబట్టి మర్యాదస్తుల ఫోన్లు వస్తాయి. ప్రమోషను కూడా అతనికే వచ్చింది. "మీరు వెళ్ళిపోతే ఈ సీటు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు, అదేదో గౌరవం అయినట్టు.

శనివారం మధ్యాహ్నాలు మాత్రం ఆమెవి. బట్టలు కుట్టే అక్క ఒంటిగంటకి కొట్టు షట్టరు సగం దించేది. మిషన్లు గోడవారకి జరిపి డ్రమ్ములు బయటికి లాగేది. డ్యూటీ దిగిన నర్సు యూనిఫాంలోనే వచ్చి పాడేది. ముగ్గురే. ముగ్గురిలో ఎవరూ పెద్ద విద్వాంసులు కారు. అయినా ఆమె ఆ లావు తీగని లాగి వదిలినప్పుడు స్పీకరులోంచి వచ్చే ఆ లోతు ధ్వని అరికాళ్ళలోంచి పొట్టలోకి పాకేది. "నువ్వు ఆగిపోతే నా పాట గాల్లో వేలాడుతుంది తల్లీ," అనేది నర్సు. ఒక పని ఆపితే లోటు తెలియడం ఇంట్లో కూడా ఉంది. కానీ ఇక్కడ ఆ లోటు గురించి చెప్పే గొంతులో కోపం ఉండేది కాదు.

ఆ శనివారం టైలరక్క మూడో పాట మధ్యలో కర్రలు కింద పెట్టేసింది.

"మళ్ళీ వెనకపడ్డావు."

"ఎంత?"

"నూలుపోగంత. కానీ ప్రతిసారీ. కుట్టు నూలుపోగు తప్పితే చొక్కా వేసుకున్నవాడికి తెలియదు. పాటలో అందరికీ తెలుస్తుంది. వచ్చే ఆదివారం లైబ్రరీ హాల్లో మన పాటలకి రెండొందల మంది కూర్చుంటారు." టైలరక్క ఆమెని కాసేపు పరీక్షగా చూసింది. "చేతులు బాగానే ఉన్నాయి నీకు. ఇంట్లో ఎలా సాధన చేస్తావు? చేసి చూపించు."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి, అలవాటుగా, ఎడమ వైపుది చెవి వెనక్కి నెట్టి పెట్టుకుంది. టైలరక్క పకపకా నవ్వింది. "అదేంటే, సగం పెళ్ళికూతురు ముస్తాబులా?" అని, ఆమె మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఆ చెవి ఎందుకు తీసిపెట్టావు?"

"ఎవరైనా పిలుస్తారేమోనని."

"ఎవరైనా పిలిచారా?"

"ఎప్పుడూ పిలుస్తూనే ఉంటారక్కా."

టైలరక్క లేచి వచ్చి, హెడ్‌ఫోన్ రెండో డిప్పని ఆమె ఎడమ చెవి మీదకి తనే సర్ది, ఫోనులో సాధన పాట పెట్టింది. ఆ పాట టైలరక్క తన డ్రమ్ములు వాయించి రికార్డు చేసి పంపింది. మూడు నెలలనుంచీ ఆమె రోజూ దానితోపాటే వాయిస్తోంది. అయినా ఇప్పుడు విని తెల్లబోయింది. పెద్ద డ్రమ్ము కుడివైపు మోగుతోంది, అది ఆమెకి తెలుసు. ఎడమవైపు సన్నగా, సూది పోట్లలాగా, తాళం చిప్పలు లెక్క చెబుతున్నాయి. ప్రతి దెబ్బ ఎప్పుడు పడాలో ముందే చెప్పేది అవే. మూడు నెలల్లో ఆమె వాటిని ఒక్కసారి కూడా వినలేదు. పాటలో సగాన్ని ఇంటికి ఇచ్చేసి, మిగతా సగంతో కాలం తప్పకుండా వాయించాలని కుస్తీ పడుతోంది.

"ఇది నా వల్ల జరిగిన తప్పనుకున్నా, నాకు పాట పట్టే చెవి లేదనుకున్నా," అంది ఆమె.

"చెవి ఉంది. నీ దగ్గర లేదు, అంతే," అంది టైలరక్క. "నేను మెత్తగా చెప్పలేను, నాకు రాదు. బుధవారం రాత్రికల్లా ఈ పాట తాళం తప్పకుండా వాయించి రికార్డు పంపించు. లేదంటే ఆదివారం మేమిద్దరమే వాయిస్తాం."

ఆదివారం, సోమవారం ఇంట్లో చుట్టాలు. మంగళవారం ఆఫీసులో పైపు పగిలిన వీధి వీధంతా ఆమె చెవిలో అరిచింది. బుధవారం సాయంత్రం ఆరింటికి కూరగాయల సంచి దించి, కూర పొయ్యి మీంచి దింపి, కంచాలు సర్ది, ఆమె హాల్లో నిలబడి చెప్పింది: "ఒక్క గంట నన్నెవరూ పిలవకండి. రెండు చెవులకీ పెట్టుకుంటున్నాను."

"అబ్బో, నోటీసు బోర్డు పెట్టారు," అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"అమ్మా, ఒక్క చెవి తీసి ఉంచితే ఏమవుతుంది? నాన్న ఊరికే విసుక్కుంటారు కదా," అంది కూతురు, తన చెవిలోంచి ఒకటి తీసి. అత్తగారూ భర్తా అన్న మాటలకి ఆమె ఎప్పుడో గట్టిపడింది. కూతురి మాట మాత్రం కొత్త బ్లేడులా దిగింది. ఈ పిల్లకి ఎవరు నేర్పారు, నాన్న విసుగు వాతావరణంలాంటిదనీ, దానికి తగ్గట్టు అమ్మే గొడుగు పట్టుకోవాలనీ? ఇంకెవరు? ఇరవై రెండేళ్ళుగా రోజూ గొడుగు పట్టుకు తిరిగిన తనే.

తలుపు వేసుకుంది. ఎడమ చెవిలో తాళం చిప్పలు పలికాయి. మొదటి రెండుసార్లు వేళ్ళు పాత అలవాటుకొద్దీ వెనకబడ్డాయి. మూడోసారి పట్టు దొరికింది. చూపుడువేలి చివర గట్టిపడిన చర్మం మీద తీగ వణుకు తెలుస్తోంది. ("ఏంటే, నీ వేళ్ళు ఇలా గరుకెక్కాయి?" అన్నాడు భర్త మొన్న. గిన్నెల సబ్బుకి అవే వేళ్ళు ఇన్నేళ్ళు పగిలితే అతనికి చెయ్యి పట్టుకోవాలనిపించలేదేమో, కనపడలేదు.) రికార్డు బొత్తాం నొక్కి మొదలుపెట్టింది. పల్లవి దాటింది. ఎక్కడా తప్పు పోలేదు. ఇంకొక్క చరణం ఉందనగా ఎవరో భుజం పట్టుకుని ఊపారు.

భర్త. అతని చేతిలో హెడ్‌ఫోన్ తీగ ఉంది, ఊడబీకినది.

"పాలు పొంగిపోతున్నాయి!"

ఆమె పరుగెత్తింది. కాళ్ళు అలవాటుపడి ఉన్నాయి, బుర్రని అడగలేదు. పొయ్యి నిండా తెల్లని నురగ, మాడు కంపు. గ్యాసు నాబు తిప్పి ఆపి, నిలబడి, ఊపిరి తీసుకున్నాక అప్పుడు ఆలోచన వచ్చింది.

"పాలు ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను," అంది అత్తగారు గుమ్మంలోంచి. "పెట్టి, చూస్తూ ఉండమని నీకు చెప్పాను కదా."

"మూసిన తలుపుకి చెప్పారా?"

"అదేం మాటమ్మా, ఎప్పుడూ నువ్వే కదా చూసేది."

ఆమె భర్త వైపు తిరిగింది. హాలుకీ చిన్నగదికీ మధ్యలో ఉంది వంటిల్లు. అటునుంచి ఇటు రావాలంటే పొయ్యి పక్కనుంచే రావాలి.

"మీరు పొయ్యిని దాటుకుంటూ వచ్చి నాకు చెప్పారా?"

"ఆఁ, మరి? చూశాను కాబట్టే వచ్చి చెప్పాను."

"నాబు తిప్పలేదు."

"హడావిడిలో తోచలేదే. ఇప్పుడు దానికి కోర్టు పెడతావా? చప్పుడు లేకుండా వాయించుకోమన్నాను గానీ, చెవుడు తెచ్చుకోమన్నానా?"

అతని మొహంలో మోసం లేదు. ఆమెకి అదే భరించలేనంతగా అనిపించింది. నిజంగానే అతనికి తోచలేదు. పొంగే పాలని చూశాడు, వాటి పక్కనుంచి నడిచాడు, ఆపే చెయ్యి ఇంకెక్కడో ఉందని దాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. వీళ్ళకి ఏనాడూ శబ్దంతో పేచీ లేదు. రోజంతా ఆ కర్రకి ఊరి మైకులన్నీ కట్టి వాయించినా, పిలవగానే పలికితే ఊరుకునేవాళ్ళే. వీళ్ళు ఓర్చుకోలేనిది పిలుపు వినపడని చోట తను ఉండడం. ఒకే ఒక గంట, తలుపు అవతల, వాళ్ళ గొంతు చేరని చోట తను బతికే ఉండడం.

ఆమె గుడ్డ అందుకోవడానికి చెయ్యి చాచింది. సగంలో ఆపింది. పొయ్యి మీద నురగ గోధుమరంగుకి తిరిగి గట్టిపడుతోంది. ఇప్పుడు తుడవకపోతే రేపు చాకుతో గీకాలి.

"అమ్మా, నేను తుడవనా?" అంది కూతురు, గుమ్మం దగ్గర రెండు చెవులూ ఖాళీగా పెట్టుకుని.

"వద్దు. నువ్వు పెట్టలేదు, చూసి దాటిపోలేదు కదా." ఆమె గుడ్డ తీసి భర్త చేతిలో పెట్టింది. ఇంకో చేతిలోంచి హెడ్‌ఫోన్ తీగ తీసుకుంది. "చల్లారకముందే తుడిస్తే తేలిగ్గా పోతుంది. అత్తయ్యగారు ఎలాగో చెప్తారు."

"నీకు మతి పోయిందా? ఏయ్, నిన్నే—"

ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసి, మొదటిసారి గడియ పెట్టింది. హెడ్‌ఫోన్ తీగని మళ్ళీ బాస్‌కి తగిలించింది. రెండు డిప్పలూ చెవుల మీదకి లాక్కుంది. తలుపు పై భాగాన ఉన్న అద్దంలోంచి భర్త మొహం కనిపిస్తోంది, చేతిలో గుడ్డ, కదులుతున్న నోరు. ఆ నోరు ఆమెని పిలుస్తోందని తెలుస్తోంది. ఎన్నోసారో తెలియడం లేదు.

ఆమె రికార్డు బొత్తాం నొక్కింది. ఎడమ చెవిలో తాళం చిప్పలు ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాయి. ఐదో దెబ్బకి ఆమె సరిగ్గా అక్కడే ఉంది.