దుమ్ము రెండుసార్లు దులిపిన చుక్కలు

ఆస్తి తగాదాలో బావ బావమరిది వేలు విరిచేశాడని పక్కింటావిడ ఇస్త్రీ చేసేవాడితో అందట. అతగాడు ఆ మాటకి రెండు పళ్లు కూడా రాలగొట్టి వీధంతా పంచాడు. వేలు విరిగిన మాట నిజమే. పళ్లు కాదు, ఒకే పన్ను. ఆస్తా, చిల్లిగవ్వ లేదు. ఇద్దరూ కొట్టుకున్నది చుక్కల మీద.

ఇద్దరిదీ ఒకటే లేబరేటరీ, ఒకటే పని. ఒక్కో జాతి నక్షత్రం విడిచే అతినీలలోహిత కాంతిని విడదీసి, ఆ వర్ణపటాలని లైబ్రరీగా పేర్చడం. దూరపు గెలాక్సీ వెలుగంతా కలగాపులగం. అందులో ముసలి చుక్కలెన్నో, పడుచు చుక్కలెన్నో ఈ లైబ్రరీతో పోల్చి తేల్చాలి. దారిలో దుమ్ము ఈ కాంతిని మింగేస్తుంది కనుక, మింగినంతా లెక్కగట్టి తిరిగి కలపాలి. ఇద్దరు సరిచూసి వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు ఒత్తితేగాని ఏ వర్ణపటమూ లైబ్రరీలోకి పోదు. బావ ఒత్తేశాడు. ఇక బావమరిది వేలే తరువాయి.

"బావా, ఈ వేడి పడుచు చుక్కలకి టెలిస్కోపువాళ్లే దుమ్ము లెక్క కలిపి పంపారు. నువ్వు మళ్లీ కలిపావు. ఒక్కో చుక్కా నాలుగింటి పెట్టు వెలుగుతున్నట్టు కనబడుతోంది. ఇలా వదిలితే ఏ గెలాక్సీలోనైనా పడుచు చుక్కలు నాలుగోవంతే లెక్కకొస్తాయి, నిన్నగాక మొన్న పుట్టిన గెలాక్సీ కూడా ముసలిదని తేలుతుంది," అన్నాడు బావమరిది.

"ఇన్నేళ్ల చాకిరీరా! మధ్యాహ్నం అందరి ముందూ లైబ్రరీ విడుదల. పెద్దసారు నన్ను ఉంచుతాడో గెంటుతాడో ఇవాళే తేలిపోద్ది. ఒత్తు."

"ఒత్తను."

"మీ ఇంటి పిల్లని చేసుకున్నందుకు నా నెత్తికెక్కావురా!"

బావ అతని జుట్టు పట్టి యంత్రం మీదికి వంచాడు. బావమరిది మోచేత్తో డొక్కలో పొడిచాడు. కుర్చీ ఎగిరి కంప్యూటరు తెర భళ్లుమంది. గాజు పెంకుల్లో ఇద్దరూ దొర్లారు. బల్ల అంచు తగిలి బావమరిది పన్ను ఊడింది, నోరంతా ఉప్పగా నిండింది. బావ అతని వీపు మీద మోకాలేసి, కుడిచెయ్యి మెలిపెట్టి, బిగించిన పిడికిట్లోంచి బొటనవేలు పెరికి వెనక్కి విరిచాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. బావమరిదికి పట్టపగలే చుక్కలు కనిపించాయి. అవి ఏ లైబ్రరీలోనూ లేనివి.

ఆ వేలినే యంత్రానికి అదిమాడు బావ. నెత్తుటి జిగురుకి యంత్రం గుర్తుపట్టలేదు. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ అదమబోతుండగా, కింది అంతస్తులో పనిచేసే అక్క ఆ చప్పుడుకి పరుగెత్తుకొచ్చింది. మొగుడి చెంప పగలగొట్టి, తమ్ముణ్ని లేవదీసి, కొంగుతో మూతి తుడిచింది. తుడుస్తూనే గొంతు తగ్గించింది.

"ఈయన ఉద్యోగం పోతే నా గతేంట్రా? నీకు దణ్ణం పెడతాను, ఒత్తెయ్. తప్పుంటే తర్వాత దిద్దుకోవచ్చు."

బావమరిది నెత్తురు ఉమ్మాడు.

"మిగిలిన తొమ్మిదీ విరిచినా ఆ చుక్కలు అంత వెలగవక్కా."